అత్త నాకని పెట్టిన డబ్బా

నా అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో ఆగిన చదువు, మన్నించండి. మా అత్త పోయిందని మీకందరికీ తెలుసు. ఆ రోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, "గుండెలో ఏందో పట్టినట్టుండాది పాపా" అని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. భజన సంఘం అక్కలు మీరు ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు. ఏడుస్తూ రాస్తాననుకున్నాను. రాయబోతే కోపమే ముందు వస్తోంది.

మా పుట్టినూరు రూపనగుడిలో పొద్దున్నే రాగి అంబలి తాగేవాళ్ళం. పెళ్ళయి బళ్ళారి వచ్చాకే నాకు కాఫీ తెలిసింది. తాగితే గుండె దడదడలాడేది, వేళ్ళు వణికేవి, రాత్రి కన్ను మూతపడేది కాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. జీన్సు కుట్టేవాళ్ళకు జిప్పులు, గుండీలు అమ్మే అంగడి మాది. ఒకనాడు నా చేతిలోంచి పెట్టె జారి గుండీలు అంగడంతా దొర్లాయి. అత్త గుండీలు ఏరుతూ నా వేళ్ళే చూసింది. మరునాడు ఒక చిన్న డబ్బా తెచ్చింది.

"ఈడ అమ్మే కాపిపొడి కల్తీది పాపా, అందుకే దడ. ఇది చిక్కమగళూరు తోటది, అసలుది. నీకొక్కదానికే. ఎవురికీ ఇయ్యద్దు."

అది ఫిల్టరులో దిగేది కాదు. "అసలుది ఫిల్టరుకు లొంగుతాదా?" అని గిన్నెలో కాచి వడకట్టేది. నల్లగా, చిక్కగా, చేదుగా ఉండేది. నేను మొదటి గుక్క మింగేదాకా తన గ్లాసు ముట్టకుండా నా ముఖమే చూసేది. ప్రేమ అనుకున్నాను.

దడ పోయింది, నిద్ర పట్టింది. అత్త నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి, "తాగు. నాలుక దానంతటదే తిరుగుతాది" అనేది. "ఎదుటోడు అరిస్తే గ్లాసు మెల్లగా కింద పెట్టు. అంతలో మాట దొరుకుతాది."

ఒకాయన జిప్పులు విసిరేసి, "ఏం సరుకమ్మా ఇది! మీ అత్తను పిలువు" అని అరిచాడు. నేను గ్లాసు కింద పెట్టాను.

"అత్త లేదప్పా, నాతోనే చెప్పు. ఇది యాడ కొన్యావు? మా జిప్పు కాదిది."

"అరెరె, ఈ పాపకు నోరుండాదే!"

లోపలి గదిలోంచి అత్త నవ్వు వినిపించింది. "చూడు, కాపి పని చేసింది!"

కర్మలు అయ్యాక డబ్బా ఖాళీ అయింది. కాఫీపొడి అంగడికి వెళ్ళి, మా అత్త నాకని తీసుకునేది, తోటది ఇవ్వమన్నాను. ఆయన వింతగా చూశాడు.

"తోటదేందమ్మా? అది ఉత్త చికోరీ, వేరు పొడి. ఒక్క కాపి గింజ కూడా ఉండదు దాంట్లో. మా కోడలికి కాపి పడదు అని మీ అత్తే తీస్కపోతా ఉండె. నీకు తెలీదా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే, "అందరికీ తెల్సు కదే. చెప్తే తాగుతాంటివా?" అన్నాడు.

అందరికీ తెలుసు. నాకు తప్ప. చెప్పి ఉంటే అంబలే తాగేదాన్ని కదా! పసిపిల్లకు మందు పోసినట్టు నాకు పోసి, నా ముఖం చూసింది. ఎవరు గట్టిగా మాట్లాడినా ఆ గ్లాసు వైపే చేయి చాచేదాన్ని. అందులో ఏమీ లేకపోతే, ఆ జిప్పుల ఆయనకు బదులు చెప్పింది ఎవరు? అడగడానికి ఆమె లేదు.

మా మరిది పెళ్ళి అత్త ఉన్నప్పుడే అయింది. ఆ కొత్త కోడలు పిల్ల వచ్చే వారం కాపురానికి వస్తోంది. కర్మల నాడు మా ఇంట్లో కాఫీ తాగాక ఆమె చేతిలో గ్లాసు వణకడం చూశాను. ఎవరైనా చూశారేమోనని చేయి కొంగులో దాచుకుంది.

నిన్న ఆ డబ్బా కడిగి ఎండలో బోర్లించాను. ఆ పిల్ల కోసం అందులో ఏం పోయాలో ఇంకా తేల్చుకోలేదు. ఆ పిల్లకు చదవడం బాగా వచ్చట. అక్కలారా, ఈ కాగితం చదివాక ఆమె కంట పడకుండా కాల్చేయండి.