మామ నమ్మని సీసా

మా మేనమామ పోయారని తమిళనాడులోని ధర్మపురి నుంచి అత్త పొద్దున్నే ఫోన్ చేసింది. డాక్టరు చెప్పినా నమ్మలేదట, తానే ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుందట. ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి అలా చేయడం నాకు వింతనిపించలేదు.

మామది చింతపండు మండీ. బొమ్మిడి వైపు నుంచి వచ్చే బస్తాల్లో అడుగుదాకా చెయ్యి దూర్చి, ఒక తునక నోట్లో వేసుకున్నాకే బేరం. "పైన ఇంత బాగుండాదంటే అడుగున ఏమో పెట్టినాడు" అనేవారు. పెళ్లి సంబంధాలనూ అలాగే చూసేవారు. నన్ను బెంగళూరులో ఉద్యోగానికి పంపమని మా నాన్నను ఒప్పించింది కూడా, ఆ కంపెనీకి స్వయంగా వచ్చి గేటు దగ్గర నాలుగు మాటలు విచారించాకే.

ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు ఆయనకొక విస్కీ సీసా తెచ్చాను. టాస్మేనియా దీవిలో చేసిన సింగిల్ మాల్ట్. ఆదివారం భోజనానికి ముందు ఒక్క గ్లాసు తాగడం ఆయన అలవాటు. "ఆస్ట్రేలియాలో గొర్రెలుంటాయి గానీ విస్కీ ఎట్లా?" అని లేబులు వెనకా ముందూ చూశారు. ఒక గుక్క తాగి నోట్లోనే తిప్పి మింగారు. బెల్లం పాకం దించేటప్పటి వాసన, వెనకే నారింజ తొక్క అన్నారు. నన్నూ రుచి చూడమన్నారు. అత్త మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు. ఆ సీసా ధర్మపురిలో దొరకదు, బెంగళూరులో పేరే వినలేదన్నారు. తయారుచేసేవాళ్లు నింపేదే కొన్ని పీపాలట. ఆస్ట్రేలియాలో ఉన్న నా స్నేహితురాలు అడిగితే అక్కడి అంగట్లోనూ అయిపోయిందన్నారు. కావాలనే దాచి ధర పెంచుతున్నారని మామ అనుమానం.

చివరికి హోసూరులో ఒకాయన తన దగ్గర అదే సీసా ఉందన్నాడు. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. మామ సీసాను వెలుతురుకెత్తి చూసి, మూత చుట్టూ గోటితో గీరారు.

"ఎక్కడా లేని సరక్కు నీకు మాత్రం ఎట్లా వచ్చె?" అన్నారు. తెరిచి వాసన చూపమంటే అతను ఒప్పుకోలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చాం. దారిపొడవునా మామ హుషారుగానే ఉన్నారు.

పోయినేడు ఆ స్నేహితురాలే ఎలాగో ఒకటి సంపాదించి తెచ్చింది. మామ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఇది అది కాదు పాపా. ఎవడో మార్చినాడు."

స్నేహితురాలినీ, అంగడినీ, విమానాశ్రయంలో సంచులు మోసేవాళ్లనూ వరసగా అనుమానించారు. నేను రుచి చూశాను. అదే బెల్లం, అదే నారింజ. ఆ మాటే చెప్పాను. ఆయన నావైపూ అదే చూపు చూశారు.

అప్పుడు అత్త వంటింటి గడప దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "కొన్నాళ్లుగా రసంలో పులుపే లేదంటా ఉండారు. నేను ఏమీ అనక సుమ్మ ఉండిపోయినాను."

మామ లేచి లోపలికెళ్లి చింతపండు తునక నోట్లో వేసుకున్నారు. ఎంతసేపు నమిలినా మొహం మారలేదు. తిరిగొచ్చి కూర్చున్నారు.

"సీసా మంచిదే పాపా. ఇంక నన్నే నమ్మేకి లేదు."

జబ్బు సంగతి బయటపడింది ఆ తర్వాతే. మండీకి వెళ్లడం మానేశారు. ఆదివారాలు నేను వెళ్లేదాన్ని. "కొంచమే పొయ్యి, మళ్లీ దొరకదు" అనేవారు. నేను తాగి చెప్పాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. వకీలులా అడ్డుప్రశ్నలు వేసేవారు. తొక్క పచ్చిదా, ఎండినదా? బెల్లం కొత్తదా, పాతదా? ఏ వాసననైనా విడదీసి మాటల్లో పెట్టడం నేను నేర్చుకున్నది ఆ ప్రశ్నల దగ్గరే.

నేను చివరిసారి వెళ్లినప్పుడు సీసాలో అడుగున కాస్తే మిగిలింది. గ్లాసులో పోస్తుంటే అత్త వచ్చి, అడగకుండానే నా చేతిలోంచి తీసుకుంది. తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"మా అమ్మ కొయ్యపెట్టె తెరిచినప్పటి వాసన మాదిరి ఉండాది" అంది.

మామ కళ్లు తెరిచారు. ఏ పెట్టె అని అడగలేదు, ఏ కొయ్య అని అడగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడిన ఆమెనే చూస్తూ, సరేనన్నట్టు తల ఊపారు.