కారు పొగలో ఆక్సిజన్

రొయ్యల చెరువుల మీద బతికేవాడికి ఆక్సిజన్ గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు. భీమవరం దగ్గర మా చెరువుల్లో రోజూ మీటర్ ముంచి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూడడం, తగ్గితే నీళ్ళు చిలికే ఏరేటర్లు వేయించడం ఇరవై ఏళ్ళుగా నా పని. అందుకే నాన్నగారి పాత కారు పెట్రోలు వాసన కొడుతోందని మా ఆవిడ అనగానే, దానికీ ఒక ఆక్సిజన్ సెన్సర్ పెడితే సరిపోతుందని తేల్చేశాను. నేను దేన్నైనా త్వరగా తేల్చేస్తాను. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ కారుది మీగడ రంగు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. పెళ్ళయ్యాక పాలకొల్లు నుంచి మా ఆవిణ్ణి అందులోనే తీసుకొచ్చాను. ఆ రోజు ఎక్కగానే తన వైపు అద్దం పూర్తిగా దించి, ముఖం గాలికి పెట్టి కూర్చుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ అంతే, వడగాలిలో కూడా. మా ఆవిడకి గాలంటే ప్రాణమని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

పోయిన ఏడాది ఏదో శుభకార్యానికి వెళ్తుంటే దారిలో జడివాన పట్టుకుంది. అద్దాలెత్తక తప్పలేదు. నాలుగు కిలోమీటర్లు వెళ్ళామో లేదో బండి ఆపమంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వానలో రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. లోపల పెట్రోలు వాసన భరించలేనంటూ తిరుగు ప్రయాణం బస్సులో చేసింది.

ఏటా పెళ్ళిరోజున కోరుకొండ వెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకోవడం మాకు అలవాటు. ఈసారి ఆవిడ ముందే టాక్సీకి చెప్పేసింది. నేను గొడవ పెట్టుకున్నాను.

"ఆ రోజుకి వాసన పోయిందా, ఎక్కుతాను. పోలేదా, బండి అమ్మేయండి. ఇంక మాట్లాడేది లేదు" అంది.

సరేనన్నాను. గెలుస్తాననే అన్నాను. ఆవిడ ఎక్కని కారు నాకు మాత్రం దేనికి? ఆ మాట పైకి అనలేదు.

సెన్సర్ తెప్పించి మా మెకానిక్ గారిని పిలిచాను. నాన్నగారి రోజుల నుంచీ ఆ బండి ఆయన చేతిలోనే ఉంది. ఇంజన్‌లోని స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని మూతి రంగు చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తారు. బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు.

"దీని కడుపు సంగతి నాకు తెలుసండి బాబుగారూ. ఇప్పుడు పొట్ట కోసి మీటర్ పెట్టాలాండి?" అన్నారు.

పెట్టాలన్నాను. ఆయన పొగగొట్టం విప్పి, నీళ్ళు నిలవకుండా పైవైపుకి చిల్లు వేసి, అక్కడ మందపాటి నట్టు వెల్డింగ్ చేశారు. ఇష్టం లేకుండా చేసినా పని మాత్రం వంక పెట్టడానికి లేదు. సెన్సర్‌ని ప్లగ్గులాగే అందులో బిగించి, వైరు లాగి, స్టీరింగు ముందు చిన్న మీటర్ పెట్టాం. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి, ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి కలుస్తోందో అది అంకెల్లో చెబుతుంది. పద్నాలుగు దాటి పదిహేను లోపు ఉంటే మంచిది.

మాది పదిహేడు చూపించింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అన్నమాట. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ తీయించి పెద్దది వేయించాను. అంకె పదహారుకి దిగింది, వాసన పెరిగింది. ఇంకా పెద్దది వేయించాను. ఈసారి వెనక నల్లటి పొగ. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మెకానిక్ గారు ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టారు. కాటుకలా ఉంది.

"మీటరేమో ఆకలంటోందండి. ప్లగ్గేమో అజీర్తంటోందండి. ఎవరి మాట వినమంటారు?"

"మీటర్ అబద్ధం చెప్పదండి" అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పెళ్ళిరోజు ఇంకా రెండు రోజులుంది. లోపల భయం మొదలైంది.

అప్పుడు మా ఆవిడ మజ్జిగ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఆ సెన్సర్ ఎక్కడ పెట్టారండీ?" అంది.

చూపించాను. గొట్టం ఇంజనుకి అతుక్కునే చోటికి జానెడు కింద.

"ఏరేటర్ పక్కన మీటర్ ముంచి చెరువంతా బాగుందని చెప్పాడని మొన్ననే కదా ఒకణ్ణి పట్టుకుని కేకలేశారు? అక్కడ గాలి ఎక్కువ చూపిస్తాది, నమ్మకూడదన్నారు. మరి దీని పక్కన గాలి దూరే చోటేమైనా ఉందేమో చూశారా? శ్రీరంగ నీతులు మాకేనాండీ?"

నేను మజ్జిగ తాగాను. మెకానిక్ గారు వెళ్ళి సబ్బు నురగ కలిపి తెచ్చి, ఆ అతుకు చుట్టూ బ్రష్‌తో పూసి, ఇంజన్ స్టార్ట్ చేయమన్నారు. ఒక మూల నుంచి బుడగలు చిమ్మాయి.

అతుకులో సందు లేకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ ఆ మూల కాలిపోయి ఉంది. పొగ అక్కడి నుంచి కొంత బయటికి పోతోంది, మా ఆవిడకి కొట్టే వాసన అదే. మధ్యమధ్యలో బయటి గాలి గొట్టంలోకి పోతోంది. ఆ గాలిని కూడా సెన్సర్ లెక్కలో వేసుకుంటోంది.

"తప్పు నాదేనండి. ఇది దొరకదు కదా అని విప్పినప్పుడల్లా పాతదే తిరిగి పెట్టేవాణ్ణండి. మొదటి నుంచీ అంతేనండి" అన్నారాయన.

ఆయన కూర్చుని గ్యాస్కెట్ షీటులోంచి కొత్తది కత్తిరించారు. అది బిగించగానే మీటర్ పదకొండుకి పడిపోయింది. పెట్రోలు మరీ ఎక్కువ. ప్లగ్గు చెప్పిందీ అదే. నా పెద్ద జెట్‌లన్నీ పీకేసి పాతది తిరిగి వేస్తే పద్నాలుగున్నర దగ్గర నిలబడింది.

"మంచి మీటరేనండి. ప్లగ్గు చెప్పినట్టే చెబుతోందండి" అని మెచ్చుకున్నారు మెకానిక్ గారు.

పెళ్ళిరోజు పొద్దున్నే బండి తీసి, ఇంజన్ ఆపకుండా వాకిట్లో నిలబెట్టాను. మా ఆవిడ మొదట బండి వెనక్కి వెళ్ళి పొగ వాసన చూసింది. తర్వాత లోపల కూర్చుని, తలుపేసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. నేను బయట చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి ఫోన్ తీసి టాక్సీ వద్దని చెప్పింది. గెలిచాను. తణుకు దాటేదాకా ఈల వేస్తూనే నడిపాను.

సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన ఎక్కాం. కింద గోదావరి, లోపలికి జోరుగా గాలి. ఎవరైనా అద్దాలు దించుకునే చోటు అది. మా ఆవిడ పిడి తిప్పుతూ తన వైపు అద్దం పైకెత్తడం మొదలుపెట్టింది.

"అదేంటి, నీకు గాలంటే ప్రాణం కదా?" అన్నాను.

"ఎవరన్నారండీ? జుట్టంతా రేగిపోద్ది. ఇంటికెళ్ళాక చెవిపోటు కూడా వచ్చేది."

"మరి ముప్పై ఏళ్ళూ దించుకునే కూర్చున్నావు?"

"వాసనకండీ. కొత్తలో చెబితే మామగారి కారుకి వంకపెట్టినట్టుంటాదని చెప్పలేదు. తర్వాత మీరే అందరికీ గాలంటే ప్రాణమని చెబుతుంటే, ఇంకేం చెప్తానూ?"

మీటర్ పద్నాలుగున్నర దగ్గర కదలకుండా ఉంది. నాకు సిగ్గేసింది. నా వైపు అద్దం కూడా ఎత్తేశాను.