రెండు మచ్చల గోలీ

నంద్యాలలో ఒక పాత మిద్దె కూలగొడుతున్నారని, కిటికీ అరుగు సున్నంలోంచి గాజు గోలీ ఒకటి ఊడి పడిందని పాత సామాన్ల అంగడి భాయ్ ఫోన్ చేసినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. పెనం మీద దోసె పెనం మీదే ఉంది. స్టవ్ ఆర్పానో లేదో గుర్తు లేదు. ఆర్పే ఉంటాను, ఇల్లు ఇంకా ఉంది కదా.

నాకు గాజు గోలీల పిచ్చి. చాలా ఏళ్లు మా ఆయనా నేనూ గోలీ సోడా బండి నడిపాము. సీసా పగిలితే లోపలి గోలీ తీసి డబ్బాలో వేసేదాన్ని. అవన్నీ లేత ఆకుపచ్చవి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండదు. ఒకరోజు వాటిలోకి పిల్లలు ఆడుకునే గోలీ ఎలాగో చేరింది. లోపల ఎర్ర తీగ మెలి తిరిగి ఉంది. దాన్ని ఎండకు పెట్టి ఎంతసేపు చూశానో, అటు బండి దగ్గరికి వచ్చినవాళ్లు సోడా తాగకుండానే వెళ్లిపోయారు.

యాభై ఆరో ఏట అంగన్‌వాడీలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాక ఈ పిచ్చి ముదిరింది. పాత గోలీలు సేకరించేవాళ్లకు ఫోనులో ఒక గుంపు ఉందని తెలిసింది. వాళ్లు రాసుకునేవి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేదాన్ని. అలా తెలిసిందే ఇది: యంత్రం చేసిన గోలీ చుట్టూ నున్నగా ఉంటుంది. చేత్తో చేసినది వేరు. గాజును కడ్డీలా సాగదీసి, వేడి ఆరకముందే ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనూ గుండ్రంగా తిప్పుతారు. అందుకని కత్తిరించిన రెండు కొసల్లోనూ గరుకు మచ్చ మిగిలిపోతుంది, మనకు బొడ్డు మిగిలినట్టు. పాత గోలీని గుర్తుపట్టేది ఆ మచ్చతోనే.

నేను ఆ గుంపులో మూడుసార్లు ఫోటోలు పెట్టాను. మూడుసార్లూ "యంత్రానిదేనమ్మా" అన్నారు. చివరిసారి ఒకాయన, "ఈసారి రెండు కొసల్లోనూ మచ్చ కనిపిస్తేనే పెట్టండి" అని రాశాడు. మర్యాదగానే రాశాడు. అయినా నాకు ఉక్రోషం వచ్చింది. చేత్తో చేసిన గోలీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా డబ్బాలో ఉండి తీరాలనుకున్నాను.

భాయ్ అంగడికి ఆయాసపడుతూ చేరాను.

"యాడుంది భాయ్?"

"కూర్చో అక్కా. ముందు ఊపిరి తీసుకో. అదేం కాళ్లొచ్చి పోతాదా?"

"ఎవరికన్నా ఇచ్చేస్తావేమోనని."

"ఈ నంద్యాల్లో నీకు గాక గోలీలు ఎవరిక్కావాల? ఆ ముసలామెకు గోలీలు దాస్తాండావని మా ఇంటామె ఒకటే నవ్వు."

కాగితం పొట్లం విప్పాడు. ఉసిరికాయంత గోలీ! నడుమ తెల్లటి దారాలు వల అల్లినట్టు, వాటి చుట్టూ ఎరుపు, నీలం పట్టీలు మెలి తిరుగుతూ. భూతద్దం పెట్టి ఒక కొస చూశాను. మచ్చ ఉంది! రెండో కొస తిప్పాను. దాని మీద పాత సున్నం పెళ్లగా గట్టిపడి ఉంది. మచ్చ ఉంటే దాని కిందే ఉండాలి.

ఇంటికొచ్చి నిమ్మరసంలో నానబెట్టాను. పైపైన పోయింది, అడుగున ఉన్నది కదల్లేదు. కత్తి పెట్టడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు ఆళ్లగడ్డలో ఉన్న మా మరిది గుర్తొచ్చాడు. మా చెల్లెలి మొగుడు, రాతి విగ్రహాలు చెక్కుతాడు. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. గోలీ కొంగున కట్టి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

మరిది తన షెడ్డులో సగం చెక్కిన నంది పక్కన, ఒళ్లంతా రాతిపొడితో ఉన్నాడు.

"ఏందొదినా, చెప్పకుండా వచ్చినావ్?"

కొంగు ముడి విప్పి చూపించాను.

"దీనికా? పిలకాయలు ఆడుకునే గోలీకి బస్సెక్కి వచ్చినావా?"

"దీని మీద సున్నం తియ్యప్పా. గాజు, జాగ్రత్త."

"దేవుని కనురెప్పలు చెక్కే చెయ్యి ఇది. పో, పొయ్యి మీ చెల్లెల్ని చూసిరా."

రెండు వీధుల అవతల ఇంట్లో మా చెల్లెలు కాఫీ ఇచ్చి, వంటగదిలో చిన్న రోలు చూపించి మొదలుపెట్టింది.

"సూడక్కా ఈయన పని. అంచు కాడ పెచ్చు లేచింది, సరిచెయ్యమని ఇస్తే అడుగు కూడా అద్దం మాదిరి నున్నగా చేసి తెచ్చినాడు. ఇప్పుడు బండ మీద నిలబడదు. అల్లం దంచుతా ఉంటే జారి జారి పోతాంది. ఆ షెడ్డులోంచి గరుకుండేది ఏదీ బయటికి రాదు."

సున్నం తియ్యమన్నాను గాని, మచ్చ ముట్టుకోవద్దని చెప్పలేదు!

గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. ఈ వయసులో నేనలా పరుగెత్తగలనని నాకే తెలియదు. వెనకాల మా చెల్లెలు "ఏమైందక్కా, ఏందీ?" అని అరుస్తూ వస్తోంది. షెడ్డు బయటికే నీళ్లలో గరుకు కాగితం రుద్దే చప్పుడు వినిపించింది.

"ఆపప్పా! ఆపు!"

మరిది నవ్వుతూ తలెత్తాడు. "అయిపాయ వదినా. సున్నం కింద గాజు గరుగ్గా ఉన్నింది, యాన్నో దెబ్బ తగిలినట్టు. నున్నగా చేసినా. ఇంగో పక్క కూడా అట్లే ఉంది, దాన్ని కూడా..."

గోలీ లాక్కున్నాను. రెండో కొస మెరుస్తోంది. అక్కడ మచ్చ లేదు. అక్కడే ఒక బండ మీద కూలబడి, మచ్చ ఏమిటో, అది ఎందుకు కావాలో మరిదికి చెప్పాను.

"సున్నం తియ్యమంటే గుర్తే తీసేసినావు గదయ్యా," అంది మా చెల్లెలు.

"నాకేం తెలుసు? మాకాడ గరుకుంటే అది తప్పుపని. గురువు చెయ్యి మీద కొట్టేటోడు."

తర్వాత మరిది గోలీ తీసుకుని వాకిట్లో ఎండకు పట్టాడు. మెల్లగా తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"వదినా, ఇట్ల రా. రాతికి లోపల జీర ఉంటాది. పైన ఎంత అరగదీసినా జీర పోదు. ఈ తీగలు సూడు. ఆ మచ్చ కాడ పుట్టి, ఇదో, నేను నున్నగా చేసిన కాడికి వచ్చి అన్నీ ఒక చోటే ముడిపడతాండాయి. యంత్రం గోలీలో ఇట్లుంటాదా?"

పోల్చి చూడటానికి యంత్రం గోలీ ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. గబగబా తీసి పక్కన పెట్టాను. దానిలో తీగలు లోపల్లోపలే ఆగిపోయాయి, ఏ అంచునూ తాకలేదు. మనదానిలో తీగలన్నీ ఆ కొస నుంచి ఈ కొస దాకా సాగి, జడ కొస ముడేసినట్టు ఒక చోట చేరాయి. అరిచేశాను. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

ఎండలో పెట్టి నాలుగు ఫోటోలు తీశాను.

"నున్నగా చేసిన పక్క పెట్టగాకు. వాళ్లకేం తెలుస్తాది?" అంది చెల్లెలు.

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఎవరో ఒకరు రెండో కొస అడుగుతారు. అప్పుడు అబద్ధం అతికించుకుంటూ కూర్చోవాలి. పైగా అబద్ధంతో నెగ్గించిన గోలీని డబ్బా తెరిచినప్పుడల్లా నేను ఎలా చూసుకుంటాను? నాలుగు ఫోటోలూ పెట్టి, కింద ఇలా రాశాను: "ఒక కొసలో మచ్చ ఉంది. రెండో కొసది మా మరిది తెలియక నున్నగా చేశాడు. తీగలు రెండు కొసలకూ చేరుతున్నాయి. చూసి చెప్పండి." అంత పొడుగ్గా నేను ఎవరికీ రాసింది లేదు. ఒత్తులు సరిచూసుకునేసరికి చెమట పట్టింది.

మొదటి జవాబు, నన్ను రెండు మచ్చలు అడిగిన ఆయనదే. "చేత్తో చేసినదేనమ్మా. అనుమానం లేదు."

నేను బయటికి చదివాను. మా చెల్లెలు నా భుజం పట్టుకుని ఊపేసింది. అంతలో అదే ఆయన నుంచి ఇంకోటి వచ్చింది. "మీ మరిది చేసిన నునుపు బాగుంది. నా దగ్గర పెచ్చులూడిన గోలీలు ఉన్నాయి, ఆయన చేసిపెడతారా?"

మరిది చేతులు పంచెకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఇంగోసారి సదువు వదినా."

చదివాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"ఎన్నుంటే అన్ని పంపమని రాయి," అన్నాడు.

"మచ్చ ఉన్నది ఒక్కటి కూడా పంపవద్దని రాస్తా," అన్నాను. గోలీ మళ్లీ కొంగున ముడి వేసుకున్నాకే రాయడం మొదలుపెట్టాను.