చిత్తకార్తెలో తెలిసిన సంగతి

మొన్న మనవరాలికి తుమ్ములు ఎంతకీ తగ్గకపోతే కోడలితో పాటు నేనూ విశాఖపట్నంలో డాక్టరు దగ్గరకి వెళ్ళాను. లోపలికి పిలిచే ముందు ఒక నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చి వరసగా ప్రశ్నలు వేసింది. వయసెంత, పాలు పడతాయా, దుమ్ము పడుతుందా. చివర్లో, "ఇంట్లో కుక్కలూ పిల్లులూ ఏమైనా ఉన్నాయా అండీ?" అంది. మా కోడలు "లేవండి" అంది. నిజమే, మా ఇంట్లో లేవు. అయినా నేను మంచినీళ్ళ వంక పెట్టి లేచి బయటికి వచ్చేశాను. సరిగ్గా ఆ ప్రశ్నే నన్ను ఒకసారి ఒక డాక్టరు అడిగాడు. నేనూ అదే జవాబు చెప్పాను. నాది మాత్రం అబద్ధం.

అది అరవైల చివరి మాట. నాన్న పోయిన తర్వాత పలాసలో అమ్మ, అన్నయ్య, నేను ఉండేవాళ్ళం. అన్నయ్య టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి దిగేవాడు. నాకు పద్దెనిమిదేళ్ళు. పరీక్ష తప్పి, మళ్ళీ కడతానని చెప్పుకుంటూ ఇంట్లో కూర్చున్న రకాన్ని. తిండికి తిమ్మరాజు పనికి పోతరాజు అని అమ్మ రోజుకొకసారైనా అనేది. నా మాట కాదనకుండా వినే ప్రాణి ప్రపంచంలో ఒక్కటే ఉండేది, అది మా కుక్క. నల్లగా నిగనిగలాడేది కాబట్టి దాని పేరు కర్రిగాడు. నలుపుని మా వైపు కర్రి అంటారు. స్టేషను దగ్గర పకోడీల బండి కింద పుట్టిన వీధికుక్క; ఆ పకోడీల పుణ్యమే ఏమో, దాని ఒళ్ళు ఎప్పుడూ నూనె రాసినట్టుండేది.

కుక్క గడప దాటి లోపలికి రాకూడదని అమ్మ శాసనం. అమ్మ చూస్తున్నంతసేపూ నేనూ కర్రిగాడూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళం. మా ఇంట్లో పొద్దున్న లేవగానే అందరి పక్కబట్టలూ మడిచి, వెనక వసారాలో నులకమంచం మీద ఒక దొంతరగా పెట్టేవారు. అమ్మ స్నానానికో పేరంటానికో వెళ్ళగానే కర్రిగాడు ఆ దొంతర ఎక్కి పడుకునేవాడు. మహారాజులా పడుకునేవాడు. అమ్మ వచ్చే వేళకి నేను వాడిని దించేసి, బొంత మీది వెంట్రుకలు అరచేత్తో దులిపేసేవాణ్ణి. ఇంట్లో నేను శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

ఆ ఏడు శ్రావణంలో వదిన కాపురానికి వచ్చింది. కవిటి పిల్ల. కొబ్బరితోటల నీడలో పెరిగిన మనిషి, మా వీధి ఎండ చూసి, "మీ ఊళ్ళో సెట్లన్నీ ఎవురు కొట్టీసినారు బాబూ?" అని నన్ను అడిగింది. నన్ను "బాబూ" అని గౌరవంగా పిలిచిన మొదటి మనిషి కూడా ఆవిడే. కర్రిగాడిని చూసి భయపడలేదు సరికదా, తన కంచంలో పెరుగన్నం ఒక ముద్ద మిగిల్చి వాడికి పెట్టేది. నెల తిరక్కుండానే ఆవిడకి తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు ఎర్రబడేవి, మెడ మీద దద్దుర్లు లేచేవి. తర్వాత ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తెల్లారగట్ల ఊపిరి అందక మంచం మీద లేచి కూర్చునేది.

పలాసలో ఒంటి మీద దద్దురు లేస్తే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది జీడి. మా ఊరంతా జీడిపిక్కల మీద బతికేది. పిక్కలు పెనంలో వేయించేటప్పుడు వచ్చే పొగకి కొత్తవాళ్ళు దగ్గుతారు, తొక్కలోని జీడి తగిలితే చర్మం పొక్కుతుంది. బయటి ఊరి కోడలెవరొచ్చినా కొన్నాళ్ళు ఈ బాధ పడి అలవాటు పడవలసిందే. పైగా మా ఇంటి వెనకే ఒకాయన జీడిపెనం నడిపేవాడు. ఆయన్ని అందరం వెనకింటి మావ అనేవాళ్ళం. అందుకే అమ్మ చెయ్యి పట్టుకు చూడకుండానే తేల్చేసింది, "ఒంటికి జీడి పడనేదు. ఇంకేటి నేదు" అని. ఎవరూ వేరే ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, చిత్తకార్తె వచ్చేదాకా.

చిత్తకార్తెలో కుక్కల సంగతి వేరే చెప్పాలా? కర్రిగాడు ఎటో వెళ్ళిపోయి పన్నెండు రోజులు పత్తా లేడు. నేను కాశీబుగ్గ దాకా తిరిగి వెతికాను, అన్నం సయించలేదు. అదే సమయంలో వదిన మాత్రం తేరుకుంది. తుమ్ము లేదు, కూత లేదు. మావ పెనం రోజూ పొగ చిమ్ముతూనే ఉంది, వదిన ఆ పొగలోనే పెరట్లో నిలబడి తలారబెట్టుకుంటూ నవ్వుతోంది. పదమూడో రోజున కర్రిగాడు చెవి చింపించుకుని, దొంగలా వచ్చాడు. నేను వాడిని కావిలించుకున్నాను. వాడు తిన్నగా వెళ్ళి దొంతర ఎక్కాడు, ఆ పైన ఉన్నది వదిన బొంత. ఆ తెల్లారగట్ల వదిన మళ్ళీ లేచి కూర్చుంది. అరచేతికి అంటుకున్న నల్ల వెంట్రుకలు చూసుకుంటూ వసారాలో నిలబడ్డాను. నాకు తెలిసిపోయింది. తెలిసిన మాట ఒప్పుకుంటే వాడిని తోలేస్తారు. అది కూడా తెలిసింది.

నోరు మూసుకున్నాను. బొంత మాత్రం ఇంకా గట్టిగా దులిపేవాణ్ణి, అదే ప్రాయశ్చిత్తమన్నట్టు. ఈలోపు అమ్మా అన్నయ్యా వెళ్ళి వెనకింటి మావతో తగువు పెట్టుకున్నారు. "ఇరవయ్యేళ్ళనుంచి ఇక్కడే పిక్కలు ఏపుతున్నాను. ఎవురికీ రాని రోగం మీ కోడలికే వొచ్చినాదేటి?" అన్నాడాయన. అన్నాడే గాని మంచిమనిషి, నాలుగు రోజుల్లో పెనం ఊడదీసి రైలుకట్ట అవతలికి మార్చుకున్నాడు. ఆయన భార్య పిక్కల బస్తాలు నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కి దిగేది. ఎదురుపడితే నేను వేరే సందులోంచి పోయేవాణ్ణి. వదినకి తగ్గలేదు. "గోడలకి పట్టీసిన పొగ ఒక్కరోజులో పోతాదేటి" అంది అమ్మ.

చివరికి బరంపురం పెద్ద డాక్టరుకి చూపిద్దామన్నారు. అన్నయ్యకి ఆఫీసులో జమాబందీ లెక్కల తనిఖీ, సెలవు లేదు. వదినని రైల్లో నేను తీసుకెళ్ళాను. డాక్టరు ఒరియా ఆయన, ముసలాయన. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇల్లులో కుక్క ఉందా? పిల్లి ఉందా?" అన్నాడు. వదిన బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. నేను, "లేవండి" అన్నాను. నా గొంతు తడబడనైనా లేదు. డాక్టరు వదిన వైపు చూశాడు. వదిన తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ దించుకుంది. "అయితే ఊరి గాలి పడటం లేదు. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచండి" అని మాత్రలు రాశాడు.

డాక్టరు ఆ మాటంటే అటునుంచి అటే దించేసి రమ్మని అమ్మ ముందే చెప్పింది. ఇచ్ఛాపురంలో రైలు దిగి కవిటి బస్సెక్కాం. వదిన కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది. వాళ్ళింట్లో నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు, తాగాను. బయల్దేరేటప్పుడు వదిన గుమ్మం దాకా వచ్చి, "కర్రిగాడికి పెరుగన్నం పెట్టడం మరిసిపోకు బాబూ" అంది. నన్ను ఆడిపోసుకున్నా ఇంత బాధ ఉండేది కాదు.

పద్నాలుగు నెలలు వదిన అక్కడే ఉండిపోయింది. పుట్టింట్లో నిక్షేపంగా ఉందని కబురు వచ్చేది. అది విని అమ్మ, "సూసినావా, మన గాలి పడనేదు" అనేది. వాళ్ళింట్లో కుక్క లేదు, అసలు కారణం అదేనని నాకొక్కడికే తెలుసు. అన్నయ్య ఆదివారాలు కవిటి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. పోనుపోను అమ్మ మాట మారింది. ఊపిరి లేని కోడలని నలుగురిలో అనేది. నందిగాంలో ఒక సంబంధం ఉందట, చూడటంలో తప్పేముందని ఒకనాడు అన్నయ్య కంచం ముందు అనేసింది. అన్నయ్య అన్నం మధ్యలోనే లేచిపోయాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి వసారా మెట్ల మీద కూర్చున్నాడు. కర్రిగాడు పోయి ఆయన మోకాలి మీద మూతి పెట్టాడు. అన్నయ్య వాడి చిరిగిన చెవి నిమురుతూ, "మీ ఒదినకి ఇదంటే ఎంత ఇష్టమోరా. ఇదైనా ఉన్నాది ఇంట్లో" అన్నాడు. అంత నీచుణ్ణి నేనని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పుడైనా నిజం చెప్పానా? చెప్పలేదు. మర్నాడు అన్నయ్య ఆఫీసుకి వెళ్ళాక కర్రిగాడి మెడకి తాడు కట్టి, బతిమాలి బస్సెక్కించి, బారువ దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఒకాయనకి ఇచ్చేశాను. "ఉప్పుసేపకి అలవాటు పడిపోద్ది బాబూ, నీకు బెంగొద్దు" అన్నాడాయన. నేను నడుస్తుంటే వాడు తాడు చివరిదాకా వచ్చి ఆగిపోయాడు, అరవలేదు. ఇంటికి వచ్చి కుక్క తప్పిపోయిందన్నాను. అన్నయ్య వారం రోజులు స్టేషను చుట్టూ వెతికాడు. ఒక నెల పోయాక, వదినని పండక్కో పబ్బానికో తెచ్చి చూద్దామని నేనే అమ్మ చెవిలో పోరు పెట్టాను. వదిన వచ్చింది, తుమ్మలేదు. అమ్మవారికి మొక్కుకున్న ఫలమని అమ్మ పొంగిపోయి, పసుపునీళ్ళ కుండతో గుడికి ముర్రాటలు తీసుకెళ్ళింది. ఆ కుండ నా నెత్తినే పెట్టింది, నేను మోశాను. వెనకింటి మావ పెనం రైలుకట్ట అవతలే ఉండిపోయింది. మా ఇంట్లో పాయసం కాచినప్పుడల్లా వదినకి మాత్రం జీడిపప్పు వెయ్యకుండా వేరే గిన్నెలో తీసేవారు, పడదని.

అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. ఆయనకి చెప్పలేకపోయాను. వదిన పలాసలోనే కూతురి దగ్గర ఉంటోంది. ఆ నర్సమ్మ ప్రశ్న అడిగిన వారానికి రైలెక్కి వెళ్ళాను. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంటే, గ్లాసు వైపు చూస్తూ మొత్తం చెప్పాను, చిత్తకార్తె నుంచి బారువ దాకా. చెప్పి, "నా మీద దయ తలచి ఆరోజు డాక్టరు ముందు ఊరుకున్నావు వదినా" అన్నాను. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది అదే.

వదిన తల అడ్డంగా ఆడించింది. "దయేటి బాబూ. కొత్తకోడల్ని. మరిది కుక్కని తోలీమని నేనంటే ఆ ఇంట్లో నాకేటి మిగుల్తాది? నువ్వే సెప్తావనుకున్నాను. రైల్లో సెప్తావనుకున్నాను, బస్సులో సెప్తావనుకున్నాను. తరవాత ఆదివారం మీ అన్నయ్య వొచ్చినప్పుడల్లా, నువ్వు సెప్పీసుంటావు, నన్ను తీసికెళ్ళడానికే వొచ్చినారనుకుని మంచి సీర కట్టుకునీదాన్ని. సాయంత్రం ఆయన ఒక్కరూ బస్సెక్కినాక మార్చీసీదాన్ని" అంది. కోపంగా అనలేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగమంది.

ఎప్పుడో యాభై ఏళ్ళ నాటి సంగతని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. యాభై ఏళ్ళు గడిచింది నాకే; వదిన మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడిన ఆ ఆదివారాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.