నాసర్ తోటలో దిగకపోయిన రోజు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి చలికాలంలో మస్కట్‌లో నా చివరి ఉద్యోగంలో చేరాను. అప్పటికి విమాన సంస్థల్లో కెప్టెన్‌గా పనిచేసే వయసు దాటిపోయింది. ప్రైవేటు వ్యక్తి సొంత విమానం నడపడానికి ఆ వయోపరిమితి అడ్డురాలేదు. ఆరోగ్య పరీక్ష నెగ్గితే చాలు. ఒప్పందం ప్రకారం విమానం గాలిలో ఉన్నంతసేపూ కమాండర్ని నేనే. నా కింద పనిచేసే సిబ్బంది పక్క సీట్లో కూర్చునే యజమాని ఒక్కడే. నా జీతం ఇచ్చేదీ ఆయనే.

ఆయన పేరు సాలెం. చమురు బావుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పెట్టెల్లో వచ్చిన భాగాలను మబేలాలోని తన ఇంటి గ్యారేజీలో ఆరేళ్ళపాటు బిగించి ఆ రెండు సీట్ల విమానాన్ని తయారుచేశాడు. ఆ ఆరేళ్ళూ ఆయన భార్య కారు ఎండలో నిలబడింది. ఇలా ఇంట్లో కట్టిన విమానం తలుపు మీద 'ప్రయోగాత్మకం' అని రాయాలన్నది నిబంధన. మా ఇంజనీరు గౌస్‌ది కడప. ఆ మాట ఎందుకు రాస్తారని నేను చేరిన కొత్తలో అతన్ని అడిగాను. "ఎక్కేటోడికి ముందే చెప్పినాం గదా అని రేపు మనం అనుకోడానికి, కెప్టెన్ సాబ్" అన్నాడు.

సాలెంకు ఒకే ఒక్క కోరిక. సూర్ అనే తీరపట్టణానికి కొంత లోపలగా బావమరిది నాసర్‌కు తోట ఉంది. అందులో నాసర్ చదును చేయించిన మట్టి రన్‌వే ఉంది. తన విమానాన్ని అక్కడ దించాలి. అక్క కారు ఎండలో మాడినన్నాళ్ళూ నాసర్ ప్రతి పండగకూ "బావా, మీ కోడి ఎగిరిందా?" అని నలుగురిలో అడిగేవాడట. అది ఎగిరి వచ్చి అతని తోటలోనే వాలాలని సాలెం పట్టుదల.

ప్రైవేటు రన్‌వే మీద మొదటిసారి దిగేముందు దాన్ని కాలినడకన చూడాలన్నది నా నియమం. వారం ముందు గౌస్‌తో కలిసి కారులో వెళ్ళి చూశాను. పొడవు నాలుగు వందల మీటర్లు. కంకర కలిసిన బంకమట్టిని రోలర్‌తో తొక్కించారు. ఒక చివర ముళ్ళకంచె, రెండో చివర రాతిగుట్ట. గుట్ట వైపు నేల కాస్త ఎత్తుగా ఉంది కాబట్టి ఎప్పుడైనా కంచె మీదుగా వచ్చి గుట్ట వైపే దిగాలి. కంచె దాటాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు, గుట్ట ఒప్పుకోదు. వేగం పడిపోకుండా, ఎక్కువ కాకుండా వచ్చి, మొదటి వంద మీటర్లలోనే చక్రాలు ఆనించి, బ్రేకు వేయాలి. నేల పొడిగా ఉంటే మూడొంతుల్లో ఆగిపోతాం. నేల పొడిగానే ఉంది. సరేనన్నాను.

అనుకున్న శుక్రవారం ఉదయం మస్కట్ దగ్గరి చిన్న ఎయిర్‌ఫీల్డ్ నుంచి బయలుదేరాం. గౌస్ చేతి రేడియోతో ముందే రోడ్డు మార్గాన తోట చేరుకున్నాడు. దిగేముందు రన్‌వే మీదుగా, గుట్టకు తగలనంత ఎత్తులో, ఒకసారి ఎగిరి చూడటం పద్ధతి. చూస్తే రెండు పక్కలా తెల్లటి కార్లు, దిశ్దాషాలనే తెల్లటి పొడుగు అంగీల్లో ముప్ఫై నలభైమంది అతిథులు, ఒక పెద్ద షామియానా. వారం క్రితం ఇటుక రంగులో ఉన్న రన్‌వే మాత్రం ఇప్పుడు కాఫీ రంగులో మెరుస్తోంది.

రేడియోలో గౌస్‌ను అడిగాను.

"దుమ్ము లేచి వచ్చినోళ్ళ గుడ్డలు మాసిపోతాయని ట్యాంకర్‌తో నీళ్ళు కొట్టించినారు సార్. నేను వచ్చేతలికే అయిపోయిండాది. ఇట్ల చేస్తే ఎట్లని చెప్తాంటే ఇనకుండా ఈళ్ళ ఖహ్వా కాఫీ తాగమంటాండారు."

తడి బంకమట్టి మీద బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది, విమానం ఆగదు. దిగడం లేదని సాలెంకు చెప్పాను. ఆయన కిందికి చూశాడు. "ఆరేళ్ళు, కెప్టెన్. ఇప్పుడు వెనక్కి తిరిగితే చచ్చేదాకా దీన్ని కోడనే అంటాడు" అన్నాడు. నేను విమానాన్ని తోట చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి "నా విమానం, నేను దించుతాను" అంటూ తన ముందున్న కంట్రోల్ మీద చెయ్యి వేశాడు. ఆయనకు లైసెన్సు ఉంది, అనుభవం లేదు. ముందు ఆ చెయ్యి తీయమన్నాను. తీయకపోతే మస్కట్‌లో దిగిన వెంటనే ఉద్యోగం మానేస్తానని, మస్కట్‌లో దిగేది మాత్రం నేనేనని చెప్పాను. ఇద్దరి చేతుల మధ్య బిగుసుకున్న విమానం ఏ మాటా వినదు. తోట చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యాక ఆయన చెయ్యి తీశాడు.

ఈలోగా గౌస్ మళ్ళీ మాట్లాడాడు. "సార్, మీరు దిగరంట అని చెప్పినా. నాసర్ సాబ్‌కు కోపమొచ్చింది. నా రన్‌వేకు ఏమీ కాలేదని ఇప్పుడే చూపిస్తా అని కారెక్కినాడు."

పైనుంచి అంతా స్పష్టంగా కనిపించింది. కంచె దగ్గర మొదలైన పెద్ద తెల్ల కారు మేము దిగాల్సిన దిక్కులోనే వేగం పుంజుకుంది. సగం దూరం వచ్చాక బ్రేకు వేసినట్టున్నాడు. కారు మెల్లగా అడ్డం తిరిగింది. అడ్డంగానే చాలా దూరం హుందాగా జారింది. అతిథులు రెండు పాయలుగా విడిపోయారు. కారు రన్‌వే దిగి, పక్కనున్న పచ్చగడ్డి మడిలోకి వెళ్ళి, ఇరుసుల దాకా కూరుకుపోయింది.

"దెబ్బలేం తగల్లేదు సార్. దిగినాడు. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది" అన్నాడు గౌస్.

సాలెం మెడ చాచి ఆ మడి వంకే చూశాడు. తర్వాత మస్కట్‌కు ఇంధనం సరిపోతుందా అని అడిగాడు. సరిపోతుందన్నాను. దారిపొడవునా నవ్వుతూనే ఉన్నాడు. ఆ మాటకొస్తే నేనూ.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. అతిథుల్లేరు, షామియానా లేదు. పొడినేల మీద మొదటి వంద మీటర్లలోనే చక్రాలు ఆనాయి. గుట్టకు చాలా ముందే ఆగాం. లేచిన దుమ్మంతా నాసర్ మీద పడింది. బావాబావమరుదులు అక్కడి పద్ధతిలో ముక్కుకు ముక్కు తాకించి పలకరించుకున్నారు.

"మీ విమానం బ్రేకులు మంచివి" అన్నాడు నాసర్.

"మీ రన్‌వే మంచిది. స్నానం చేయించనంతవరకూ" అన్నాడు సాలెం.

ట్యాంకర్ డ్రైవర్‌ది నిజామాబాద్ వైపు. రన్‌వే మీద నీళ్ళు ఎందుకు కొట్టావని నేను అడిగితే, "అర్బాబ్ సేటు కొట్టమన్నడు, కొట్టిన. విమానం వస్తదని నాకెవరు చెప్పిండ్రు సార్? పెండ్లనుకున్న" అన్నాడు.

అంతకుముందు కొత్త రన్‌వే గురించి పొడవు, వాలు, నేల, గాలి, అడ్డంకులు మాత్రమే అడిగేవాణ్ణి. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా, ఆ రోజు విందుకు ఎవరినైనా పిలిచారా అని కూడా అడిగాను. పిలిచామంటే మరో రోజు వస్తామని చెప్పేవాణ్ణి.