మా రేసు టీము చరిత్ర, నేను రాసినట్టు

మా యూనివర్సిటీ రేసింగు టీము దేశంలోకెల్లా గొప్పదని తార్నాకలో ఎవరినడిగినా చెప్పేవారు. ఎవరినడగాలో ఎంచేవాణ్ణి నేనే కాబట్టి ఈ మాటలో పొరపాటుకు తావు లేదు.

అరవైల చివర్లో ఇంజనీరింగు చదువుతున్న రోజులవి. టీములో ముగ్గురం. డ్రైవరు నా హాస్టల్ రూమ్మేటు, నల్లగొండ వైపు రైతు బిడ్డ. మెకానిక్కు వాడి మేనమామ. ఉండేది లాలాగూడలో, పనిచేసేది మౌలాలి వైపు ఒక ఫ్యాక్టరీలో, ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషను మీద. మేనల్లుడు మామా అని పిలవడంతో క్యాంపసు మొత్తానికీ మామ అయిపోయాడు. మూడోవాణ్ణి నేను, మేనేజరును. లైబ్రరీలో ఒక విదేశీ పత్రికలో పెద్ద రేసు టీము ఫోటో చూశాను. అందులో చేతికి గ్రీసు అంటనివాడు ఒక్కడే, వాడి కింద మేనేజరని రాసి ఉంది. ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

కారు ఒక ప్రొఫెసరుగారు వదిలించుకున్నది. దాని వెనక సీట్లో ఒక కోడి మూడు తరాలుగా కాపురం చేస్తోంది. దాన్ని ఖాళీ చేయించడానికే మాకు ఒక టర్ము పట్టింది.

విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద ఏటా కాలేజీల మధ్య పోటీ జరిగేది. మొదటి ఏడు మా ముందు చక్రం ఊడిపోయి అందరికంటే ముందు గీత దాటింది. కారు మాత్రం చాలా వెనక ఉండిపోయింది. చక్రానికైనా బహుమతి ఇమ్మని జడ్జీలతో గంటసేపు వాదించాను. ఆ తరువాత మామ ప్రతి ఆదివారం సైకిలు మీద వచ్చి కారు కింద దూరేవాడు. మధ్యాహ్నం దాకా ఆయన కాళ్లు తప్ప ఏమీ కనబడేవి కావు. చక్రం ఊడటం ఆగింది, గేరు జారడం ఆగింది. రెండో ఏడు మాకే మొదటి బహుమతి. మూడో ఏడూ మాకే. పోటీకి వచ్చినవి ఐదు కార్లనీ, అందులో రెండు స్టార్టే కాలేదనీ నేను అప్పట్లో ఎక్కడా రాయలేదు.

రాసింది వేరు. కాలేజీ పత్రికకు టీము చరిత్ర కావాలన్నారు. ఎనిమిది పేజీలు రాశాను. అందులో మామను ఆకాశానికెత్తాలనిపించి ఇలా రాశాను: "మామ పుణ్యమా అని ఆ ఫ్యాక్టరీ రోజురోజుకూ చిక్కిపోతుంటే మా కారు ఒళ్లు చేసుకుంది. ఇంకొక్క రేసు గెలిస్తే అక్కడ గేటు తప్ప ఏమీ మిగలదు." అచ్చయ్యాక మెస్సులో ఈ ముక్క పైకి చదివితే సాంబారు పొలమారింది నలుగురికి. కనీసం ఇద్దరికి.

వారం తిరక్కుండానే డ్రైవరు గదిలోకొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వు రాసింది మామ ఆఫీసరు బల్ల మీదున్నదట. ఆయన కొడుకు గీడనే చదువుతుండు గద, వాడు తీస్కపోయి ఇచ్చిండు. ఎర్ర గీత గీసి పెట్టిండంట."

"బాగున్నదన్నడా?"

"సామాన్ దొంగతనం కింద నౌకరి తీసేస్తరంట రా."

ఇద్దరం లాలాగూడ వెళ్లాం. మామ ఇంట్లో లేడు. అత్త బియ్యం ఏరుతోంది.

"నవ్వొచ్చేది రాసినవంట గద బిడ్డా?"

"అవునత్తా."

"మాకైతే వస్తలేదు."

మామ వచ్చాక నన్ను తిట్టనైనా తిట్టలేదు. తిడితే బాగుండేది. "రేపు నాతోని ఆఫీసుకు రా. గదంతా ఉత్తదే అని చెప్పు. అడిగినదానికే చెప్పు, ఎక్కువ మాట్లాడకు" అన్నాడు.

ఆఫీసరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. పత్రిక నా వైపు తిప్పాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే సార్. అంతా కల్పన."

"అంతా అంటే? మొదటి బహుమతి కూడానా?"

"అది నిజం సార్."

"ఈ కోడి?"

"కోడి నిజమే సార్. మూడు తరాలన్నది కొంచెం…"

ఆయన మొహంలో నవ్వులాంటిది కదిలింది. ఫైలు మూయబోయాడు కూడా. అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ నా ముందు ఒక మనిషి నవ్వబోతుంటే ఆగడం నాకు ఏనాడూ చేతకాలేదు.

"మీ ఫ్యాక్టరీ నుంచి మా కార్లోకి ఒక మేకు రాలేదు సార్, ఒక నట్టు రాలేదు. బట్టలకంటిన ఇనుప రజను కూడా మామ గేటు దగ్గర దులుపుకొని వచ్చేవాడు. కావాలంటే కారంతా విప్పి చూసుకోండి."

ఆఫీసరు మామ వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజమేనా? విప్పిద్దామా?"

మామ తన చేతులు చూసుకున్నాడు.

"విప్పుడెందుకు సార్. ఒక బుష్ ఉన్నది."

గేరు జారకుండా లోపల వేసిన ఇత్తడి చుట్టు. ఉంగరం కంటే కొంచెం పెద్దది. "స్క్రాపుల పడేసిన ముక్క సార్. తిండి టైముల మన లేత్ మీదనే తిప్పిన" అన్నాడు.

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఆయనకూ ఆ మాట వినాలని లేదని నాకు అనిపించింది. "ఇప్పుడెందుకు చెప్పావయ్యా?"

"అడిగిండ్రు గద సార్."

ఉద్యోగం తీసేయలేదు. లేత్ మీద నుంచి తీసి వెనక యార్డులో స్క్రాపు తూకం దగ్గర నిలబెట్టారు. బయటికొచ్చాక మామ సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. పక్కన నేను.

"బుష్ సంగతి నాకు తెల్వదు మామా."

"తెల్వకనే చెప్పినవ్. ముందుగాల ఒకటి రాస్తివి, దాన్ని చెరపనీకె ఇంకోటి చెప్తివి. నడిమిట్ల నన్నొక్కసారి అడుగుతే నోరు పడిపోవునా?"

డ్రైవరు ఆ వారమే కారు తాళాలు ప్రొఫెసరుగారికి ఇచ్చేశాడు. నాతో ఒకే గదిలో ఉంటూనే సెలవుల దాకా అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. దేశంలోకెల్లా గొప్ప టీము అలా ముగిసింది.

కొన్ని నెలలకు ఒక ఆదివారం మామ హాస్టలుకొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన చేతిలో తెల్లకాగితం ఉంది.

"మళ్ల లేత్ మీద ఏయమని దరఖాస్తు రాయాలె."

"నేనా మామా?"

"రాత నీకే గద ఒచ్చు. కూసో."

"ముప్పై ఏళ్లుగా నిద్రాహారాలు మాని" అని మొదలుపెట్టాను.

"ఇరవై రెండేండ్లు. తిన్న, పండుకున్న. కొట్టేయ్."

"ఏనాడూ ఏ తప్పూ చేయక" అని రాశాను.

"చేసిన గద. బుష్ సంగతి రాయి."

మధ్యాహ్నానికి నాలుగు వాక్యాలు మిగిలాయి. ఆయన ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ పైకి చదివి, సంతకం చేసి తీసుకెళ్లాడు. జవాబు రాలేదు. పరీక్షలు రాసి నేను క్యాంపసు వదిలేనాటికి కూడా ఆయన తూకం దగ్గరే ఉన్నాడు. వెళ్లే ముందు చెప్పి వద్దామని లాలాగూడ పోతే మళ్లీ ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఈసారి జాగ్రత్తగా రాశాను. ఏళ్లు సరిగ్గా వేశాను, బుష్ దాచలేదు. ఆయన వేలు చివరి వాక్యం దాకా ఆగకుండా వెళ్లి "దయతలచి" దగ్గర నిలబడింది.

"గిదెందుకు? నేను దయ అడుగుతలేను. పని అడుగుతున్న."

ఆ మాట కొట్టేసి, కాగితం ఆయన వైపు తిప్పాను.