బాజీ బాబాయి ఎంచుకున్న లెన్స్

నరసరావుపేటలో ఫొటో స్టూడియో నడిపిన బాజీ బాబాయి సోమవారం తెల్లవారుజామున కన్నుమూశాడని కబురు వచ్చింది. ముందురోజు కూడా బజార్లో నన్ను ఎగతాళి చేసిన మనిషి! నమ్మలేకపోయాను. బాధ తెలియకుండా నిద్రలోనే వెళ్లిపోయాడని విన్నాక మనసు కాస్త కుదుటపడింది.

ఆయనతో నాకు తగాదాలకు లోటులేదు. మా చెల్లి పెళ్లి ఫొటోలో నన్ను భుజం దగ్గర కోసేశాడు. అడిగితే, "మూతి ముడుచుకున్నోడు పెళ్లి ఫొటోలో ఎందుకురా?" అన్నాడు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

అయినా ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆమధ్య రొంపిచెర్లలో నా పత్తి చేనుకు పేనుబంక, అదే ఆకురసం పీల్చే సన్నపేలు, పట్టింది. మందు కొట్టినా పోలేదు. పైగా ముళ్లముళ్లుగా నల్లటి పురుగొకటి కొత్తగా దిగింది. మందు కల్తీదని ఫిర్యాదు పెట్టడానికి ఫొటో కావాలి. మర్నాడే ఇంకా ఘాటైన మందు కొట్టడానికి మనుషులను మాట్లాడుకున్నాను. ఆ పైరు పోతే పొలమే పోయేది.

బాబాయి అప్పుడు చీమంతదాన్ని కూడా పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనాలని, గుంటూరు మిత్రుడి దగ్గర రెండు తెచ్చి పరీక్షిస్తున్నాడు. రెంటినీ పట్టుకుని చేలోకి వచ్చాడు. పొట్టిదానితో తీయాలంటే ఆకును దాదాపు ముట్టుకోవాలి. కెమెరా నీడ పడగానే పురుగు రాలిపోయింది.

"పొట్టిదే కొనుక్కో బాబాయ్, తేలిగ్గా ఉంది."

"ఏందిరా నీ తొందర! అంత మీదబడితే అది నీమీదే ఫిర్యాదు పెట్టుద్ది," అంటూ పొడుగు లెన్స్ బిగించాడు. ఇంకో పురుగున్న ఆకుకు జానెడు ఎడంగా ఉండి, దాని మీద ఎండ పడనిచ్చి, గాలి ఆగేదాకా కాచుకున్నాడు. కొమ్మ కదలకుండా నన్ను పట్టుకోమన్నాడు. దాహమన్నా వినలేదు.

సాయంత్రానికే ఫొటో కడిగి నా చేతిలో పెట్టాడు. నల్లపురుగు నోట్లో పేను!

"చూడరా! అది నీ ఆకు తినట్లా, పేనును తింటంది. మందు కొడితే ముందు చచ్చేది ఇదే. పురుగును దాని పని చేసుకోనియ్యి, అప్పుడే అదేందో తెలుసుద్ది."

అది రెక్కల మీద చుక్కలుండే అక్షింతల పురుగు పిల్లేనని వ్యవసాయాధికారి కూడా చెప్పాడు. మనుషులను వద్దన్నాను. గుండెల మీంచి బండ దించినట్టయింది. కొద్దిరోజులకే ఆకులు తేటపడ్డాయి. మందుల కొట్టు మీద ఫిర్యాదు మాత్రం మానలేదు, అది వేరే సంగతి. బాబాయి పొడుగు లెన్సే కొన్నాడు.

ఖననం ముగిశాక చేనుకు వెళ్తే, ఒక ఆకు అడుగున తెలియని పురుగు కనబడింది. ఫొటో తీసి చూపించే మనిషి ఇక ఈ తాలూకాలో లేడు. ఎడంగా గట్టు మీద కూర్చుని, అది ఏం తింటుందో చూడటం మొదలుపెట్టాను.